టైలర్ మాస్టారి గేరుబాక్సు

బట్టలు కత్తిరించే బల్ల మీద బట్టలే ఉండాలని రూలేమీ లేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల మీద గుడ్డా కత్తెరా తప్ప ఇంకోటి చూడని కస్టమర్లు ఆ మధ్యాహ్నం ఎవరైనా వచ్చి ఉంటే నోరెళ్ళబెట్టి ఉండేవాళ్ళు. ముందుగది నిండా నూనె కంపు. పాత కాగితాలు పరిచి, వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టిన కారు ఆటోమేటిక్ గేరుబాక్సు. దాని ముందు స్టూలు మీద మన టైలర్ మాస్టారు, మెళ్ళో కొలతల టేపుతో. గేరుబాక్సుకి టేపెందుకయ్యా అంటే, అలవాటు. అది మెళ్ళో లేకపోతే ఆయనకి చొక్కా తొడుక్కోనట్టే ఉంటుంది.

ఆ కారు ఆయనది కాదు, భార్యది. ఆయనకసలు డ్రైవింగే రాదు. ఆవిడకి చిన్నప్పటినుంచీ ఎడమకాలు స్వాధీనంలో లేదు, క్లచ్ తొక్కలేదు. అందుకని క్లచ్ పెడల్ లేని, గేర్లు వాటంతటవే మారే కారు ఏరికోరి కొనుక్కుంది. పంతొమ్మిదేళ్ళు నడిపింది. ఇంట్లో గోడో కుర్చీవీపో పట్టుకుని అడుగు తీసి అడుగు వేసే మనిషి, ఆ స్టీరింగు ముందు కూర్చుందంటే చాలు, మెడ నిటారుగా నిలబెట్టి ఊరంతా చుట్టి వచ్చేది. కస్టమర్ల ఇళ్ళకి వెళ్ళి కొలతలు తేవడం, కుట్టినవి ఇచ్చి రావడం అంతా ఆవిడే. కలిసి వెళ్తే మాస్టారు పక్కసీట్లో బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ ఒక్కతే వెళ్తే మాత్రం తిరిగొచ్చేదాకా కిటికీ వదిలేవాడు కాదు. మిషను మీద చొక్కా చెయ్యి సగంలో ఆగిపోయేది.

అలాంటి కారు ఒకరోజు నడిరోడ్డు మీద మొరాయించింది. ఇంజిను అరుస్తోంది, బండి మాత్రం అంగుళం కదలదు. తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. షెడ్డువాడు వచ్చి, కిందకి దూరి చూసి, చేతులు దులుపుకున్నాడు. "గేరుబాక్సు లోపలంతా కాలిపోయిందండీ. ఈ మోడల్‌కి ఎవరూ చెయ్యరు. తుక్కుకి ఇచ్చెయ్యండి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఓ కస్టమరు, కారుకేమైందని అడిగాడు. మాస్టారు సూదిలో దారం ఎక్కిస్తూ, తల కూడా ఎత్తకుండా, "పోనీలెండి, పీడా పోయింది" అన్నాడు.

ఏం మాటయ్యా అది! ఇంకో మాటే దొరకలేదా? పంతొమ్మిదేళ్ళు కిటికీ దగ్గర పడ్డ భయమంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చిందని మనకి తెలుసు. ఇక ఆవిడ ఇంటిపట్టునే ఉంటుంది, నాకీ గుండెదడ తప్పింది అనుకున్నాడు పాపం. కానీ లోపలిగదిలో కూర్చున్న ఆవిడకి వినిపించింది ఆ మాట ఒక్కటే. కస్టమరు వెళ్ళాక గుమ్మం పట్టుకుని వచ్చి నిలబడింది.

"పోయింది పీడ కాదండీ, నా కాలు" అంది.

ఆయన ఏదో ఒకటి అనాల్సింది. తప్పయిందనో, నోరు జారిందనో, కనీసం అబ్బే అనో. ఏమీ అనలేదు. మిషను తొక్కడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆవిడ చిన్న పెట్టె సర్దుకుని బస్సులో గంట దూరంలో ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయింది. "కొన్నాళ్ళుండి వస్తా" అంది. ఎన్నాళ్ళని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మొదటి వారం మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టే ఉన్నాడు. రెండో వారం ఇల్లు ఆయన్ని పట్టుకుంది. ఆవిడ నడిచేటప్పుడు ఓ అడుగు గట్టిగా, ఓ అడుగు ఈడ్చినట్టుగా వినిపించేది. ఆ చప్పుడు ఇంట్లో ఉందని ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ గమనించని మనిషి, అది లేకపోయేసరికి కుట్టు ఆపి ఆపి వినడం మొదలుపెట్టాడు. పొయ్యి దగ్గరికెళ్ళి ఇద్దరికి సరిపడా వండి, మర్నాడు కూడా అదే తిన్నాడు. అద్దం ముందు నిలబడి ట్రయల్ చొక్కా తానే తొడుక్కుని, భుజం దగ్గర ముడత పడిందా లేదా అని అడగడానికి వెనక్కి తిరిగేవాడు. వెనక ఎవరుంటారు?

అప్పుడు పుట్టింది ఆయనకీ ఆలోచన. కారు పోయినందుకేగా వెళ్ళింది, కారు బాగైతే వచ్చేస్తుంది. ఆవిడ అలా అన్నదా? అనలేదు. లెక్క ఆయన వేసుకున్నదే. ఒక్కసారి బుర్రలోకి దూరాక ఇంక అదే లోకమైపోయింది.

షెడ్డులవాళ్ళంతా మావల్ల కాదన్నారు. చివరికి ఆయన దగ్గర పాంట్లు కుట్టించుకునే పాత మెకానిక్కు ఒకాయన గుర్తొచ్చాడు. అందరూ గేర్ల తాత అంటారు. జీవితమంతా గేరుబాక్సులే విప్పాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని దూరాన కూతురి దగ్గర ఉంటున్నాడు. ఫోన్ చేస్తే పగలబడి నవ్వాడు.

"మాస్టారూ, లాగూకి బొందు ఎక్కించడమనుకున్నారా? లోపల వందల ముక్కలుంటాయి."

"కోటుకీ ముక్కలే ఉంటాయి తాతా. విప్పినవాడు విప్పిన వరసలో పెట్టుకుంటే మళ్ళీ కోటవుతుంది."

తాత నవ్వు ఆపేశాడు. తర్వాత, "సరే, కాగితం పెన్సిలు తెచ్చుకోండి" అన్నాడు.

అలా మొదలైంది. నాలుగు ఇనప స్టాండ్ల మీద కారు ఎక్కించి, చక్రాల జాకీ అద్దెకి తెచ్చి, దాని మీదకి గేరుబాక్సు దింపేసరికి మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. పక్కవీధి కార్పెంటరు ఓ చెయ్యి వేసి బల్ల మీదకి చేర్చి, "వదినగారొచ్చి ఈ బల్ల చూస్తే మిమ్మల్ని కూడా విప్పేస్తారు" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు తర్వాత ఇల్లు మరీ నిశ్శబ్దంగా తోచింది మాస్టారికి.

విప్పడంలో మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. తీసిన ప్రతి ముక్కకీ కస్టమర్ల బట్టలకి కట్టినట్టే చీటీ కట్టాడు. ఏది ఎటు తిరిగి ఉందో గుడ్డ మీద గీసే సుద్దతోనే గుర్తు పెట్టాడు. క్లచ్ ప్లేట్లని ఉంటాయి, గుండ్రటి బిళ్ళలు, ఉక్కుదొకటి, కాగితం అట్టలాంటిదొకటి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నూనె ఒత్తిడికి అవి అతుక్కుంటే గేరు పడుతుంది. అట్టబిళ్ళలన్నీ మాడి బొగ్గయ్యాయి. కొత్తవి, వాటితో పాటు రబ్బరు సీళ్ళూ ఎక్కడెక్కడో వెతికించి తెప్పించాడు. కొత్త బిళ్ళల్ని గేరునూనెలో నానబెట్టమన్నాడు తాత. ఇంట్లో అంత పెద్ద గిన్నె ఆవిడది ఒకటే ఉంది. మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడి, "కొత్తది కొనిస్తాలే" అని ఖాళీ వంటింటికి చెప్పి, అందులోనే నూనె పోశాడు.

బిళ్ళలు పేర్చాక మధ్యలో సందు ఎంతుండాలని తాతని అడిగితే, మిల్లీమీటరు లెక్క చెప్పాడు. "బిగుతైతే కాలుతుంది, వదులైతే జారుతుంది" అన్నాడు.

"చంక దగ్గర లూజు వదిలినట్టన్నమాట" అన్నాడు మాస్టారు.

"మీకేదైనా చొక్కాగానే కనిపిస్తుందా?"

"నాకొచ్చింది అదొక్కటేగా తాతా."

రెండ్రోజులకోసారి భార్యకి ఫోన్ చేసేవాడు. అదీ చూడాలి మీరు. ఆవిడ ఫోనెత్తి "ఊఁ, చెప్పండి" అనేది. ఈయన చెప్పేవాడు. పిస్టన్ చుట్టూ రబ్బరు సీలు అంచు లోపలికి మడత పడకుండా ఎలా దూర్చాడో, పాత చొక్కా కాలరులో పెట్టే సన్నటి పుల్లతో ఎలా సర్దాడో, స్ప్రింగు ఒకటి ఎగిరి మిషను కిందకి పోతే ఎలా వెతికాడో. ఆవిడ "ఊఁ" అనేది. కాసేపు ఆగేది. ఆ ఆగడంలో ఏదో అడగాలని ఆయనకి గొంతుదాకా వచ్చేది. నువ్వు లేకపోతే నాకు తోచడం లేదు అనో, వచ్చెయ్ అనో. అదేమిటో, సీళ్ళ గురించి గంట మాట్లాడగల నోరు ఆ ఒక్క మాటకి పెగిలేది కాదు. బాగైన కారు చూపిస్తే అన్నీ అందులోనే ఉంటాయిగా అనుకుని, "సరే మరి, ఉంటా" అని పెట్టేసేవాడు. చాదస్తం కాకపోతే ఏమిటి చెప్పండి!

చివరిది వాల్వ్ బాడీ. గేరుబాక్సుకి మెదడు లాంటిది. రెండు అరచేతుల్లో పట్టే లోహపు పలకలో సన్నటి కాలవలు, ఆ కాలవల్లో పెన్సిలు ముక్కల్లాంటి వాల్వులు, గోళీల్లా చిన్న చిన్న ఉక్కు గుండ్లు. ఇది చాలా శుభ్రంగా ఉండాలి, నలుసు కూడా ఉండకూడదని తాత పదిసార్లు చెప్పాడు. శుభ్రం అంటే మన మాస్టారికి చెప్పాలా? కొత్త తానులోంచి మెత్తటి ఫ్లానెల్ గుడ్డ కత్తిరించి, చిన్నచిన్న రుమాళ్ళు చేసి, పోగులు ఊడకుండా నాలుగువైపులా అంచు మడిచి కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి మరీ, ఒక్కో వాల్వునీ పసిపిల్లాడి చెవి తుడిచినట్టు తుడిచాడు. కాలవల్లో కూడా పుల్లకి గుడ్డ చుట్టి తిప్పాడు. అద్దంలా మెరిసింది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

గురువారానికల్లా గేరుబాక్సు మళ్ళీ కారెక్కింది. నూనె పోశాడు. ఇంకా స్టార్టు చెయ్యనేలేదు, ఆత్రం ఆగక అక్కగారింటికి ఫోన్ కొట్టాడు. వదినగారు ఎత్తింది.

"వదినా, కారైపోయింది. ఆదివారం మీ చెల్లెల్ని రమ్మని చెప్పండి."

"నడిచిందా మరిదిగారూ?"

"నడవక ఎక్కడికి పోతుందండీ!"

తర్వాత కారెక్కి కూర్చున్నాడు, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ సీట్లో. సీటు ఆవిడ ఎత్తుకి సర్ది ఉంది, మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. జరుపుకోవడానికి మనసొప్పలేదు. చక్రాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి కనుక కారు ఎక్కడికీ పోదన్న ధైర్యంతో తాళం తిప్పాడు. ఇంజిను పలికింది. వెనక్కి పెట్టాడు, చక్రాలు వెనక్కి తిరిగాయి. ముందుకి పెట్టాడు, ముందుకి తిరిగాయి. ప్రాణం లేచొచ్చింది! "తాతా!" అని ఫోన్లో అరిచాడు కూడా. తర్వాత తాత చెప్పినట్టు మెల్లగా యాక్సిలరేటరు నొక్కాడు. ఒకటోదాంట్లోంచి రెండోదాంట్లోకి మారాలి. మారలేదు. ఇంకొంచెం నొక్కాడు. ఇంజిను గొంతు చించుకుని ఏడుస్తోంది, గేరు మాత్రం ఒకటిలోనే బిగదీసుకుని కూర్చుంది.

"ఆపెయ్యండి, ఆపెయ్యండి" అన్నాడు తాత. "వాల్వేదో ఇరుక్కుంది. వాల్వ్ బాడీ కడిగాక దేంతో తుడిచారు?"

"గుడ్డతో."

"గుడ్డతోనా!"

"మెత్తటి ఫ్లానెల్ తాతా. కొత్తది. అంచులు కూడా కుట్టాను."

"అంచులు కుట్టారా! ఓరి దేవుడా! మాస్టారూ, వాల్వ్ బాడీకి గుడ్డ తాకనిస్తారా ఎవరైనా? గుడ్డలోంచి నూగు రాలదూ! వెంట్రుకలో పదోవంతు పోగు చాలు, వాల్వు పట్టేయడానికి. కడిగి, గాలి కొట్టి, ఆరబెట్టాలి, అంతే."

"మీరు చెప్పలేదుగా."

"నీళ్ళు నోట్లో పోసుకున్నాక మింగాలని కూడా నేనే చెప్పాలా? ఏ షెడ్డులోనైనా మొదటిరోజే తెలిసే సంగతది!"

షెడ్డులో తెలుస్తుంది, నిజమే. కుట్టుమిషను గదిలో ఎవరికి తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఏ మరక పడినా, ఏ దుమ్ము పడినా గుడ్డతోనే తుడిచిన చెయ్యి అది. మాస్టారికి ఏడుపొచ్చింది. కారు పక్కన నేల మీద కూలబడి నిజంగానే ఏడ్చాడు. ఓదార్చేవాళ్ళు లేరు, చూసి నవ్వేవాళ్ళూ లేరు. ఎంతసేపని ఏడుస్తాడు? ముక్కు చీదుకుని లేచాడు.

అదృష్టం కొద్దీ, ఈసారి గేరుబాక్సంతా దింపక్కర్లేదు. అడుగున రేకు విప్పితే వాల్వ్ బాడీ కిందనుంచే వస్తుంది. శుక్రవారమంతా కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. నూనె మోచేతుల మీదుగా చంకల్లోకి కారింది. బల్ల మీదున్న గుడ్డముక్కలన్నీ ముందే వేరే గదిలో పడేసి, తలుపేసి, ఒక్కో వాల్వునీ పెట్రోలులో కడిగాడు. రెండోగేరు వాల్వు బయటికి లాగి వెలుగులో తిప్పి చూస్తే, గాడిలో తెల్లగా, కంటిరెప్ప వెంట్రుకంత లేదు, నూగు. దాన్ని గుండుసూదితో తీశాడు. ఏమీ తుడవలేదు. కాలిపంపుతో గాలి కొట్టి, జల్లెడ మీద ఆరబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే కూర్చున్నాడు. తుడవకుండా కూర్చోవడం అంత కష్టమైన పని ఆయన జన్మలో చెయ్యలేదు.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ తాళం తిప్పాడు. ఒకటి. నొక్కాడు. ఇంజిను గొంతు చిన్నగా దిగింది. రెండు. ఇంకోసారి దిగింది. మూడు. మూడే గేర్లు దానికి, ఎక్కడా కుదుపు లేదు. ఫోన్లో వింటున్న తాత, "అబ్బ, ఏం కుట్టావయ్యా!" అన్నాడు. అంతవరకూ అండీ గారూ అంటున్న మనిషి.

ఆదివారం పదింటి బస్సుకి ఆవిడ వచ్చింది, ఒక్కతే, చేతిలో చిన్న సంచితో. కొంచెం చిక్కింది. మాస్టారు కారు కడిగి, స్టాండ్ల మీంచి దింపి, కార్పెంటరు చేత గేటు బయట పెట్టించాడు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడి కారు చూసింది, ఆయన గోళ్ళలో నల్లటి నూనె చూసింది.

"మీరే చేశారా? అంతా?"

"తాత చెప్పాడు. చేసింది నేనే. ఒకసారి పాడుచేశాను కూడా."

ఆవిడ నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి! ఎక్కి కూర్చుని, సీటు కదల్లేదని గమనించింది. మాస్టారు అటువైపునుంచి ఎక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు కదిలింది. మార్కెట్టు వీధి, బడి ముందు మలుపు, పెద్దరోడ్డు. ఒకటి, రెండు, మూడు. గేరు మారిన ప్రతిసారీ ఆవిడ ఆయనవైపు చూసి కనుబొమలెత్తింది. పెద్దరోడ్డు మీద వేగం పెంచి, మెడ నిటారుగా పెట్టి, కిటికీ అద్దం దించింది. మాస్టారికి మూడు నెలల్లో మొదటిసారి ఆకలేసింది. ఇంటికెళ్ళగానే ఏం వండమనాలా అని ఆలోచించుకున్నాడు. తనే వండుతాననాలని కూడా అనుకున్నాడు.

ఇంటిముందు కారు ఆగింది. గబగబా దిగి, కారు లోపల పెట్టడానికి గేటు రెక్క ఒకటి తీశాడు. రెండోది తియ్యబోతుంటే వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"గేటు తియ్యకండి. నేను లోపలికి రావడం లేదు."

ఇంజిను ఆపలేదు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అక్కడ నర్సరీ బడిలో పని దొరికింది నాకు. అక్కావాళ్ళింటి పక్కనే ఓ గది తీసుకున్నాను. ఇన్నాళ్ళూ బస్సులో పడుతూ లేస్తూ వెళ్తున్నా. ఇక కారుంది." ఆవిడ స్టీరింగుని అరచేత్తో నిమిరింది. "చాలా గొప్ప పని చేశారు. నిజంగా. ఎవరూ చెయ్యలేరన్నది చేశారు."

"కారు బాగైతే వచ్చేస్తావనుకున్నాను" అన్నాడు మాస్టారు.

"నేనలా అన్నానా?"

"లేదు."

"అన్నిసార్లు ఫోన్ చేశారు. సీళ్ళ గురించి చెప్పారు, స్ప్రింగుల గురించి చెప్పారు. ఒక్కసారి, ఒక్కసారైనా, రా అన్నారా? మొదటి నెలంతా ఆ మాట కోసమే ఫోన్ పక్కన కూర్చున్నానండీ. అని ఉంటే బస్సులో వచ్చేసేదాన్ని. కారు లేకపోయినా వచ్చేసేదాన్ని."

మాస్టారు కిటికీ అంచు పట్టుకున్నాడు. "తప్పయిపోయింది" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఆ రోజు అన్నదీ తప్పే, అనకుండా ఊరుకున్నదీ తప్పే. వచ్చెయ్. నువ్వు లేకపోతే ఇంట్లో నాకు ఊపిరాడ్డం లేదు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చెయ్యి చాపి ఆయన నూనె వేళ్ళ మీద కాసేపు ఉంచింది.

"ఇప్పుడు కాదండీ. పిల్లలు రేపు పొద్దున్నే వస్తారు, నేను తలుపు తియ్యాలి."

"పోనీ నేనూ రానా ఇప్పుడు? అక్కడిదాకా?"

ఆవిడ నిజంగానే ఆలోచించింది. పక్కసీటు వైపు చూసింది కూడా.

"ఈసారి నన్నొక్కదాన్నే వెళ్ళనివ్వండి" అంది.

కారు కదిలింది. మాస్టారు వీధి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఊపాలని తోచలేదు. ఒకటిలోంచి రెండుకి మారడం మలుపు దగ్గర వినిపించింది, మెత్తగా. మలుపు తిరిగాక కారు కనిపించలేదు. మాస్టారు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. దూరంగా, ఇళ్ళ వెనకనుంచి, మూడోది పడింది. ఆ తర్వాత వినడానికి ఇంక గేర్లు లేవు.